మరిగితే మాయమైన తెలుపు

చోడవరంలో మిషను వాళ్ళ చిన్న ఆస్పత్రిలో మణెమ్మ నర్సుగా చేరి పదకొండేళ్ళయింది. కట్లు కట్టడం, పురుళ్ళు పొయ్యడంతోబాటు మూత్ర పరీక్షలూ ఆమె పనే. గాజుగొట్టాన్ని స్పిరిటు దీపం మీద కాచి చూడడం ఆమెకు బియ్యం కడిగినంత అలవాటు.

1954 చలికాలంలో అచ్చియ్యమ్మ తన భర్త పరదేశిని బండిలో పడుకోబెట్టి తీసుకొచ్చింది. ఏభై ఐదేళ్ళ రైతు. బెల్లం వండడంలో చుట్టుపక్కల అతని మాటే మాట. ఎనిమిది నెలలుగా నడుము, పక్కటెముకలు నొప్పి. వాతమన్నారు, తైలాలు రాశారు, వాతలు కూడా పెట్టారు. డాక్టరు గణపతిరావుగారు చూసి, చెరుకు మోపులు మోసి నడుం పట్టేసిందని మాత్రలు రాశారు.

మణెమ్మకు మనసొప్పలేదు. మోపులు మోసిన నడుములు ఆమె చాలా చూసింది. నాలుగు రోజులు పడుకుంటే అవి కుదుటపడతాయి. ఇతను మంచం మీద ఒత్తిగిలడానికే భయపడుతున్నాడు. కనురెప్ప దించి చూస్తే లోపల రక్తపు జాడే లేదు.

అతని మూత్రం కాచింది. గొట్టం బాగా వేడెక్కకముందే లోపల తెల్లగా విరిగింది. అలా విరిగింది మరిగినా పోకూడదు. ఇది మరిగేసరికి తేటపడిపోయింది. చల్లారనిస్తే మళ్ళీ తెల్లబడింది. పదకొండేళ్ళలో ఆమె ఇలాంటిది చూడలేదు.

గొట్టం సరిగ్గా కడిగి ఉండరన్నారు డాక్టరుగారు.  మర్నాడు మణెమ్మ కొత్త గొట్టంతో చేసింది. మూడోనాడూ చేసింది. అదే వరస. నాలుగోనాడు దీపాన్ని ఆయన బల్ల మీదే వెలిగించింది.

"మీ కళ్ళతో ఒక్కసారి చూడండి డాక్టరుగారూ. తప్పు నాదైతే మరి అడగను."

ఆయన చూశారు. రెండోసారి తనే కాచారు. బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీసి చాలాసేపు తిరగేశారు. ఎముకల మూలుగలో పుట్టి ఎముకనే తొలిచే జబ్బొకటుందని, దాని జాడ మూత్రంలో ఇలాగే కనిపిస్తుందని అందులో ఉంది. ఆ పూటే విశాఖపట్నం పెద్దాసుపత్రికి ఉత్తరం రాశారు.

మణెమ్మ సెలవు పెట్టి వాళ్ళతో వెళ్ళింది. బస్సు కుదుపులకు పరదేశి నడుం కింద దుప్పట్లు సర్ది, దారంతా చేత్తో పట్టుకు కూర్చుంది. ఎక్స్‌రేలో పుర్రె నిండా గుండ్రటి చిల్లులు. రొమ్ము ఎముకలోకి సూది దించి మూలుగ తీసి చూశారు. అనుమానం నిజమైంది. మైలోమా, ఒక రకం కేన్సరు. నయం చేసే మందు లేదన్నారు.

అతనికి చెప్పొద్దని బంధువులు బతిమాలారు. కానీ అతను మణెమ్మనే అడిగాడు.

"దాపకండి సిస్టరమ్మా. ఏటొచ్చినాది నాకు?"

ఆమె పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. జబ్బు పోదు, నొప్పి తగ్గించవచ్చు, బరువెత్తితే ఎముక విరుగుతుంది, ఏడాదో ఆపైనో బతకవచ్చు. 

"వాతమనుకుని ఎనిమిది నెల్లు మోసేను. ఇప్పుడు తెలిసినాది కదా, సాలు. అచ్చియ్యమ్మకి పాకం సూడ్డం నేర్పీయాల."

నొప్పి ఉన్న చోట్ల ఎక్స్‌రే కిరణాలు పెట్టారు. మూడు వారాలకు లేచి కూర్చున్నాడు. ఇంటికొచ్చాక బెల్లప్పొయ్యి దగ్గర మంచం వేయించుకుని, పాకం ఎప్పుడు దించాలో భార్యకు పొంగు పొంగుకీ చెప్పాడు. ఆడమనిషితో బెల్లం వండిస్తున్నాడని నవ్వినవాళ్ళను పట్టించుకోలేదు. మొదటి ఏడు రెండు పెనాల పాకం మాడిపోయింది. రెండో ఏడు అచ్చియ్యమ్మ అతన్ని అడగకుండానే దించింది. మణెమ్మ ప్రతి ఆదివారం చర్చి అయ్యాక వెళ్ళి చూసి వచ్చేది. 1956 వేసవిలో మూత్రపిండాలు చెడి అతను పోయాడు.

ఎముకల నొప్పంటూ వచ్చిన ప్రతి మనిషి మూత్రాన్నీ ఎవరూ చెప్పకుండానే కాచడం మణెమ్మ నియమం చేసుకుంది. మూడేళ్ళ దాకా ఏమీ కనబడలేదు. 1959లో మాడుగుల నుంచి నూకరత్నం అనే ఆమె నడుం పట్టుకుని వచ్చింది. గొట్టంలో విరిగిన తెలుపు మరిగేసరికి మాయమైంది. మణెమ్మ ఆమెను ఆ వారంలోనే విశాఖపట్నం బస్సెక్కించింది.