గోడ మీద దండ

పడవల మీద పేర్లు రాయడం నా బతుకుతెరువు. మా ఊరు సముద్రం ఒడ్డున, నరసన్నపేట అవతల. ఆమధ్య బడి హెడ్మాస్టరు పిలిచి, అంతరిక్షానికి వెళ్ళి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ బొమ్మలు ప్రహరీ గోడ మీద వేయమన్నారు. సముద్రంలో పోయినవాళ్ళు చాలక ఆకాశంలో పోయినవాళ్ళు కూడానా అని గొణుక్కుంటూనే ఒప్పుకున్నాను.

బొమ్మలు బాగానే కుదిరాయి. పోయినవాళ్ళ ఫొటోకి దండ లేకపోతే ఎలా అని ఒక్కొక్కరికీ బంతిపూల దండ కూడా వేశాను. ఎవరూ అడగలేదు, అలవాటు.

మా అక్క చేపల గంప దించుకుని గోడ ముందు నిలబడింది. బావ వేటకు వెళ్ళి రెండేళ్ళయింది. పడవ చెక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి గానీ మనిషి రాలేదు. శవం చూడందే కర్మ చేయనివ్వనంది అక్క. బొట్టు తీయలేదు, బావ ఫొటోకి దండ పడనివ్వలేదు. బంధువులు చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా వినలేదు. ఆ బొట్టు చూస్తే నాకు ఏడుపూ వచ్చేది, కోపమూ వచ్చేది.

"ఈలు దొరికినారేటి?" అని అడిగింది.

"ఏటి దొరుకుతారక్కా. ఈలెక్కిన ఓడ తిరిగొస్తంటే పైనే మండిపోనాది. ముక్కలే రాలినాయంట."

"మరి ఇంటోలు నమ్మీసినారా?"

"అందరూ సూసినారు గదా."

"ఈలని సూసినోలున్నారు. మీ బావనెవుడు సూసినాడు?"

గంప ఎత్తమంది, ఎత్తాను. ఆ సాయంత్రమే నీలం రంగు కలిపి దండలన్నీ కప్పేశాను. బతికున్నవాళ్ళలా ఉన్నారేమిటయ్యా అన్నారు హెడ్మాస్టరు. ఉండనివ్వండి అన్నాను.

ఆ తర్వాత అక్క రోజూ అక్కడ కాసేపు ఆగేది. ఒకరోజు, ఆకాశం నుంచి తిరిగొస్తూ పోయినవాళ్ళ బొమ్మల్ని తడిమి చూసింది.

"ఎల్లడం కాదురా, ఒడ్డు సేరడంలోనే ఉంటాది గండం" అంది. మా వేటగాళ్ళ ఇళ్ళలో అందరికీ తెలిసిన మాటే అది. "ఈలింటోలూ నాలాగే ఎదురు సూసుంటారు."

మొన్న కార్తీకంలో బావ ఫొటో కొంగులో పెట్టుకుని వచ్చింది.

"ఆల పక్కన మీ బావనెయ్యి."

వేశాను. బొమ్మలో నవ్వు సరిగ్గా వచ్చేదాకా అక్క కదల్లేదు. కుంచె కడగబోతుంటే ఆపింది.

"దండ కూడా ఎయ్యి, తమ్ముడా."

పసుపు రంగు కలిపి వేశాను. ఆ గోడ మీద ఇప్పుడు దండ ఉన్నది బావకొక్కడికే. చివరి పువ్వు వేసి వెనక్కి తిరిగేసరికి, అక్క కొంగుతో బొట్టు తుడుచుకుంటోంది.