గేటు దగ్గర నీలం గౌను

మా అమ్మ హసింతా చివరిగా చేసిన పని, నా కూతురు ఇట్సెల్‌ను బడికి పంపేముందు జడ వేయడం. "టీచరమ్మ మాట్లాడేటప్పుడు తల దించుకోవాలి తల్లీ. పెద్దవాళ్ల కళ్లలోకి చూడకూడదు," అంది. ఆ మధ్యాహ్నమే అమ్మ గుండె ఆగిపోయింది.

మెక్సికో నుంచి మేం కాలిఫోర్నియా ద్రాక్షతోటల్లో పనికి వచ్చిన ఏడు అమ్మ నాకూ అదే నేర్పింది. తల దించుకునే పిల్లకు బుర్ర లేదనుకుని బడిలో నన్ను మందబుద్ధుల తరగతిలో పడేశారు. బొమ్మలకు రంగులు వేస్తూనే నా చదువు తెల్లారింది. తల్లిదండ్రుల సమావేశాలకు అమ్మ ఒక్కసారీ రాలేదని, "మీ అమ్మకు నీ చదువంటే లెక్కలేదు," అంది టీచరు. నేనూ నమ్మాను.

అమ్మ అంత్యక్రియల రోజు నేను ఆ మాటే అంటే పక్కింటి ఒఫేలియా అత్త కస్సుమంది.

"రాలేదని ఎవతె కూసింది? తోట నుంచి వచ్చి, స్నానం చేసి, తన మంచి నీలం గౌను తొడుక్కుని మరీ వెళ్లేది. చీకటిపడేదాకా బడి గేటు బయటే నిలబడేది. 'లోపలికి పోవే మొద్దూ' అంటే, 'టీచరమ్మ వచ్చి పిలవకుండా ఎలా పోతాను వదినా?' అనేది."

మెక్సికోలో అమ్మ వాళ్ల ఊళ్లో తల్లిదండ్రులను టీచరే గేటు దాకా వచ్చి లోపలికి తీసుకెళ్లేదట.