చీకటిగదిలో మొక్కలు

చీకటన్న అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఫోటో స్టూడియో వెనక చీకటిగదిలో ముప్పై ఒక్క ఏళ్లు ఫిల్ములు కడిగిన మనిషికి అంతకంటే అతికే పేరు ఏముంటుంది? పొద్దున గదిలోకి దూరితే సాయంత్రం కళ్లు చికిలించుకుంటూ బయటికొచ్చేవాడు. "గుడ్లగూబ లేచింది" అని స్టూడియో యజమాని నవ్వేవాడు. ఫిల్ముల కాలం చెల్లి స్టూడియో మూతపడ్డాక ఆ వెనక వాటానే అతనికి అద్దెకిచ్చాడు. రెండు గదులు, ఒక వసారా, కిటికీ లేని ఆ చీకటిగది. చీకటన్న పెళ్లి చేసుకోలేదు. భర్త పోయిన అక్క వచ్చి తోడుగా ఉంటోంది.

అక్కకు మొక్కల పిచ్చి. వసారా నిండా కుండీలే. ఇంతలో పక్క స్థలంలో ఆరంతస్తుల మేడ లేచి ఉన్న కాస్త ఎండనూ మింగేసింది. ఆకులు రాలడం మొదలయ్యాక ఆమె ఎవరినో అడిగి, మొక్కల కోసం చేసిన ఎల్‌ఈడీ లైట్లు రెండు కొనుక్కొచ్చింది.

"ఆ చీకటిగది ఊరికే పడుంది కదరా. అందులో పెడదాం."

చీకటన్న మొహం మాడింది. కాదనడానికి ఏ కారణం చెప్పగలడు? అరలు బిగించి లైట్లు వేలాడదీశాడు. అక్క కుండీలతో పాటు కొత్తగా గింజలు చల్లిన ట్రేలూ తెచ్చి పెట్టింది. ఒక్కోదానికీ ఒక మీట ఉంది. వెలుతురును సున్నా నుంచి నూరు దాకా తిప్పుకోవచ్చు. పదిహేను దగ్గర పెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మూడు వారాలకు మొలకలు దారాల్లా సాగాయి. తలలు నిలబడక ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి.

"ఇవి మొక్కల్రా, పథ్యం మీదున్న రోగుల్రా?" అంది అక్క. "కాస్త వెలుతురు పెంచు."

"నా కంటికి చాలానే ఉందే."

"వెలుతురు తినేది నీ కళ్లా, అవా?"

చీకటన్న లోపలికి వెళ్లి మీట తిప్పాడు. ముప్పై దాటిందో లేదో, తలుపు మీద చప్పుడైంది. వేలి కణుపుతో, నెమ్మదిగా, మూడుసార్లు. గబుక్కున మీట వెనక్కి తిప్పి తలుపు తీశాడు. ఎవరూ లేరు. వసారాలో అక్క కుండీలో మట్టి కుళ్లగిస్తోంది.

"ఎవరైనా తట్టారా?"

"ఎవరొస్తార్రా ఈ వేళప్పుడు?"

మర్నాడూ అంతే. వెలుతురు పెంచబోవడం, తలుపు చప్పుడు కావడం. ఆ తట్టేది ఎవరో అతనికి తెలుసు. అతనికి తెలిసినంత వరకు ఆవిడ చనిపోలేదు. బతికున్న మనిషి దెయ్యమై పట్టుకుంటుందా అంటే, పట్టుకుంటుంది. అతన్ని ఇరవై ఆరేళ్లుగా పట్టుకునే ఉంది.

ఆవిడ ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. ఏడేళ్ల కూతురు జ్వరంతో నాలుగు రోజుల్లో పోయింది. అంతకు రెండు వారాల ముందు ఎవరి కెమెరానో అడిగి తెచ్చి, పార్కులో పిల్లకు ఫోటోలు తీసిందట. పిల్ల పోయాక ఆ ఫిల్మును రుమాల్లో చుట్టి తెచ్చి చీకటన్న చేతిలో పెట్టింది. "దాని ఫోటో ఇంకోటి లేదన్నా" అంది.

ఆ రోజు పని ఎక్కువగా ఉంది. చీకట్లో ఫిల్మును చుట్టి డబ్బాలో దించాడు. మూత పెట్టాననే అనుకున్నాడు. చెయ్యి అలవాటు కొద్దీ స్విచ్చి మీదికి పోయింది. ఒక్క క్షణం, అంతే. వెలుగుతున్న బల్బు కింద మూత పక్కనే ఉంది. కడగని ఫిల్ముకు వెలుతురు తగిలితే బొమ్మలు పోయినట్టే. కడిగి చూస్తే ఫిల్మంతా నల్లగా మాడిపోయింది. చుట్ట లోపలి కొసన మాత్రం సగం బొమ్మ మిగిలింది. యజమాని చూస్తాడన్న భయంతో దాన్ని ముక్కలుగా కత్తిరించి చెత్తలో పారేశాడు. "కెమెరా లోపలికే వెలుతురు దూరిందమ్మా, ఏమీ పడలేదు" అని ఆవిడకు చెప్పాడు.

ఆవిడ నమ్మిందో లేదో, ఏడాది పాటు వారం వారం వచ్చింది. చీకటిగది తలుపు తట్టి, "ఇంకోసారి చూడండన్నా" అనేది. పారేసిన ఫిల్మును మళ్లీ ఎలా చూస్తాడు? లేదమ్మా, లేదమ్మా అనేవాడు. తర్వాత రావడం మానేసింది.

ఇవేవీ తెలియని అక్క, ఒకనాడు తమ్ముడు బజారుకెళ్లిన సమయం చూసి రెండు మీటలనూ నూరు దాకా తిప్పేసింది. అతను తిరిగొచ్చి తగ్గించబోతే చెయ్యి పట్టుకుంది. "నాలుగు రోజులు నా మాట విను."

నాలుగో రోజుకు ఆకుల అంచులు మాడాయి. లైట్లకు దగ్గరగా ఉన్నవి గిన్నెల్లా ముడుచుకుపోయాయి, నడుమ తెల్లటి మచ్చలు తేలాయి. చీకటన్న ఒక ఆకును పట్టుకుంటే వేళ్ల మధ్య పెళుసుగా విరిగింది. అక్కడే గోడకు జారబడి కూర్చుండిపోయాడు.

"పోనీలేరా, మొక్కలే కదా" అంది అక్క, కంగారుపడి.

"ఈ గదిలో ఇంతకుముందూ ఒకటి మాడిందక్కా" అన్నాడు. మొత్తం చెప్పాడు. ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

అక్క మాడిన ఆకులన్నీ ఏరి ఒక కుండీలో వేసింది. ఆఖరికి, "ముందు వీటికి ఎంత కావాలో కనుక్కో. తర్వాత ఆవిడ ఎక్కడుందో కనుక్కో" అని లేచి వెళ్లింది.

చీకటన్న పెట్టెలోంచి పాత మీటరు తీశాడు, ఫోటోల కాలంలో వెలుతురు కొలిచేది. కంటిని నమ్మకూడదని చీకటిగదిలో పనిచేసినవాడికి వేరే చెప్పాలా? మసకకైనా, జిగేలుకైనా కన్ను ఇట్టే అలవాటు పడిపోతుంది. వెనకటికి ఫోటో అచ్చువేసే ముందు చిన్న కాగితం ముక్క మీద మెట్లు మెట్లుగా వెలుతురు పడనిచ్చి, ఏ మెట్టు సరైనదో చూసుకునేవాడు. ఇప్పుడూ అదే చేశాడు. లైట్లను నలభై దగ్గర పెట్టి, మళ్లీ గింజలు చల్లిన నాలుగు ట్రేల కింద ఎత్తు తేడాగా ఇటుకలు పేర్చాడు. ఒకటి లైటుకు జానెడు దూరంలో, ఒకటి మూరెడు దూరంలో, మిగతా రెండూ వాటి మధ్యన. ఒక్కోచోట మీటరు పెట్టి అంకె రాసుకున్నాడు. పన్నెండు గంటలు వెలుతురు, పన్నెండు గంటలు చీకటి.

"చీకటి నువ్వు బాగానే ఇస్తావులే" అంది అక్క.

లేత మొలకలు మూరెడు దూరంలో కుదురుగా నిలబడ్డాయి. కాస్త ముదిరాక మూడు రోజులకోసారి మీటను ఐదేసి చొప్పున పెంచుతూ అరవై దగ్గర ఆపాడు. నీడ మొక్కలను కింది అరలోకి దించాడు. నెల తిరిగేసరికి కొత్త ఆకులు పొట్టి కాడలతో, చిక్కటి పచ్చగా వచ్చాయి. మీట తిప్పిన ప్రతిసారీ తలుపు చప్పుడవుతూనే ఉంది. అతను చేతిని వెనక్కి లాక్కోలేదు. ఆ గట్టితనంతోనే ఒక ఉదయం ఆస్పత్రికి వెళ్లి, లాండ్రీలో ఆవిడ ఇల్లు ఎక్కడో కనుక్కున్నాడు.

"ఒక కుండీ పట్టుకెళ్లకూడదూ?" అంది అక్క.

"వద్దక్కా. ఆ ఫోటోకు బదులు తెచ్చినట్టుంటుంది."

ఆవిడ ఉండేది మూడో అంతస్తులో. ఆవిడే తలుపు తీసింది. జుట్టు మొత్తం నెరిసింది. గ్రిల్లు తలుపు మాత్రం తీయలేదు. అతను బయటే నిలబడి చెప్పాడు. స్విచ్చి సంగతి, మూత సంగతి, అబద్ధం సంగతి. ఆవిడ కళ్లార్పకుండా వింది.

"ఏమీ కనిపించలేదా? ఏమీ?"

"చివర సగం బొమ్మ ఉందమ్మా. ఊయల గొలుసు పట్టుకున్న చెయ్యి. మణికట్టు దాకా."

"అదేం చేశారు?"

"పారేశాను."

ఆవిడ గొంతు పెంచలేదు. "ఆ చెయ్యి ఇచ్చినా సరిపోయేదన్నా నాకు" అంది.

తప్పంతా వెలుతురుదే అనుకుంటూ వచ్చాడు చీకటన్న ఇన్నేళ్లూ. మిగిలినదాన్ని పారేసింది మాత్రం తనే.

కాసేపటికి ఆవిడ గ్రిల్లు ఊచను పట్టుకుంది. "ఇలాగా?"

"కాదమ్మా. ఇంకా గట్టిగా. బొటనవేలు పైకి."

ఆవిడ బొటనవేలు పైకి జరిపింది. దాన్నే చూసుకుంటూ అలాగే నిలబడింది. లోపల పొయ్యి మీద నీళ్లు మరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఇక వెళ్లండి" అంది చివరికి.

అతను మెట్లు దిగి బస్టాపులో నిలబడ్డాడు. ఇంటివైపు వెళ్లే బస్సులు రెండు వచ్చి ఆగి వెళ్లిపోయాయి. మూడోది ఎక్కాడు.