గ్యారేజీ తలుపుకి గడప

మా చిన్నప్పుడు... శుక్రవారం తెల్లారేసరికి అమ్మ షట్టర్ పైకెత్తేది. ఆ గడగడ చప్పుడుకే నేను లేచేదాన్ని. మాకు అలారం అక్కర్లేదు.

అవును, షట్టరే. మాది ఇల్లు కాదు... దోహాలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వైపు, గదులు గదులుగా విడగొట్టి అద్దెకిచ్చిన ఒక విల్లాకి గ్యారేజీ. లోపలి గదుల్లో ఆరు కుటుంబాలు. గ్యారేజీలో మేము ముగ్గురం. నాయన ఒక కంపెనీలో డ్రైవరు. మంచం, పొయ్యి, నా స్కూలు సంచి, మూలన దేవుడి పటం... కారు ఒక్కటే లేదు.

గ్యారేజీలో కాపురం ఉండకూడదని నాకు కూడా తెలుసు. ఎవరైనా చూస్తే ఖాళీ చేయాలి. ఇల్లు లేకపోతే అమ్మా నేనూ ఊరికి, నాయన కంపెనీ పనివాళ్ళుండే క్యాంపుకి. ఈ మాట మా ఇంట్లో ఉప్పూ పప్పూ మాటల్లా రోజూ వినపడేది.

ఒకసారి నీళ్ళ ట్యాంకరు వెనక్కి వస్తూ షట్టర్‌ని గుద్దేసింది. విల్లా చూసుకునే పాకిస్తానీ చాచా మంచివాడు... "జో పసంద్ హై, వహీ లగా దూంగా" అన్నాడు. నచ్చింది చూసుకోండి, అదే పెట్టిస్తానని. తన ఇంటికి తలుపు తానే ఎంచుకోవడం అమ్మకు అదే మొదటిసారి. ఆ రోజు మంచి చీర కట్టుకుంది.

అల్ ముంతజాలో తలుపుల షాపుకి ముగ్గురం వెళ్ళాం. షాపాయన ఒక్కొక్కటీ చూపిస్తూ "గాడీ కౌన్సీ హై?" అని మా కారేదో అడిగాడు. నాయన మా ఇద్దరినీ ఒకసారి చూసి, "ఛోటీ గాడీ హై భాయ్" అన్నాడు. చిన్న కారేనని.

నాకేమో అద్దాల కిటికీలున్నది కావాలి... స్కూలు బస్సు వచ్చేది కనిపిస్తుందని. అమ్మకు రెండు రెక్కలది, కింద ఇనుప గడప ఉన్నది నచ్చింది.

"గడప లేంది ఇల్లెట్టయితాదబ్బా?" అంది నాయనతో.

"బయటినుంచి సూస్తే గ్యారేజీ మాదిరే ఉండాల. ఇల్లు మాదిరి ఉంటే మనమే ఉండం. అర్థమైతాందా మే?"

అంతే. మళ్ళీ చుట్టుకునే షట్టరే తీసుకున్నాం. బూడిద రంగుది. అమ్మ వెనక్కి తిరిగి ఆ గడపనే చూసుకుంటూ బయటికొచ్చింది.

మర్నాడు నాయన డ్యూటీ నుంచి వస్తూ ఒక చెక్క పట్టీ తెచ్చాడు. షట్టర్‌కి లోపలి వైపు నేలకి బిగించాడు. "ఇదో నీ గడప. పసుపో కుంకుమో లోపలే పెట్టుకో. బయట మాత్రం మాఫీ. ఏం చేయాకు" అన్నాడు. మాఫీ అంటే గల్ఫ్ అరబ్బీలో లేదని. అమ్మ సరేనంది. చాలా రోజులు ఆ మాట మీదే ఉంది కూడా.

ఆ యేడు శ్రావణం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం నాడు నాయన లేడు, రెండు రోజుల డ్యూటీ మీద దుఖాన్ వైపు వెళ్ళాడు. అమ్మ షట్టర్ దించి, బయటి వైపు శుభ్రంగా కడిగింది. కింది అంచు బారునా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ముందర ముగ్గేసింది.

"నాయన వద్దన్నాడు కదమ్మా" అన్నాను.

"ఇంటిని సూసి ఇల్లాలిని సూడమన్నారు. బూడిద రంగు రేకును సూసి లక్ష్మీదేవి యాడికొచ్చాది? రేపు తుడిచేస్తాలే."

తుడవలేదు. రాసిన పసుపును చేత్తో తుడిస్తే అశుభమని, దానంతటదే పోతుందని వదిలేసింది.

ఆదివారం పొద్దున మున్సిపాలిటీ తనిఖీ వాళ్ళొచ్చారు... వీధిలో గ్యారేజీలన్నీ దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. మాదొక్కటే కళకళలాడుతోంది. కార్లుండే చోట ముగ్గెవరేస్తారు? వాళ్ళు ఆగారు. చాచా షట్టర్ ఎత్తాడు. నేను అమ్మ ముందు కూర్చుని జడ వేయించుకుంటున్నాను. వచ్చినాయన గట్టిగా కూడా మాట్లాడలేదు. చూశాడు, రాసుకున్నాడు, వారం గడువిచ్చాడు.

వారంలో నాయనకు ఇల్లు దొరకలేదు. అమ్మా నేనూ విమానం ఎక్కాం. ఆ తర్వాత పదకొండేళ్ళు నాయన క్యాంపులోనే ఉన్నాడు. రెండేళ్ళకోసారి సెలవుకి వచ్చేవాడు. ఆ పసుపు గురించి ఒక్క మాట అనలేదు. అమ్మ కూడా ఎత్తలేదు. నాయన పోయి మూడేళ్ళయింది.

ఇప్పుడు నేనూ దోహాలోనే... ఆ వీధికి నాలుగు వీధుల అవతల, మావారితో. గ్యారేజీ ఉంది. అందులో కారే ఉంటుంది.

పోయిన వారం ఓనరు గ్యారేజీ తలుపు మారుస్తానని ఫోన్లో బొమ్మలు పంపాడు. మీ ఇంటికి నప్పేది మీరే చెప్పండి అన్నాడు. అరగంట చూశాను. సంతోషం లేదు, ఏడుపూ లేదు... పళ్ళ డాక్టరు సూది వేసిన చెంపలాగా ఉంది మనసు. గిల్లినా తెలిసేలా లేదు.

అమ్మ విజిట్ వీసా మీద వచ్చి మా దగ్గరే ఉంది. పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ ఫోన్లోకి తొంగి చూసింది.

"పసుపు రంగుది ఉందా మే?"

"ఉంది. ఎందుకు?"

"రాసినా కనపడదు."

అమ్మ తుంచడం ఆపలేదు. అట్లానే మెల్లగా అంది...

"మీ నాయన ఒక్క మాటన్నా తిట్టింటే బాగుండు."

ఓనరుకి పసుపు రంగుదే చెప్పాను. ఇదేం రంగని మావారు నవ్వారు. అదే బాగుందిలెండి అన్నాను.

నిన్న బిగించి వెళ్ళారు. రిమోట్ నొక్కితే చాలు, చప్పుడే లేకుండా లేస్తోంది. లేచి కూర్చోవడానికి లోపల ఎవరున్నారు గనక...

చిన్నప్పుడు మీరు ఏ తలుపు చప్పుడుకి నిద్ర లేచేవాళ్ళు? రాయండి, చదువుతాను.