కార్డు మీద కొన్న పట్టు ఓణీ

కరెంటు మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. మోటార్లు చుట్టుకుని బతికేవాణ్ణి నేను. కరెంటు మీద ఒట్టేసి అబద్ధమాడితే అది ఎప్పుడు పట్టుకుంటుందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కాబట్టి నమ్మండి.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి జేబుల్లోకి వస్తున్న రోజులవి. రేపల్లెలో నాకు మోటార్ వైండింగ్ షాపు, దాని వెనకే అద్దె గది. ముప్పై దాటినా పెళ్ళి కాలేదు. కాలిపోయిన మోటారు తెచ్చిన రైతుని ఊరికే కూర్చోబెట్టడం మర్యాద కాదని కబుర్లు చెప్పేవాణ్ణి. నేను చుట్టిన మోటారు వేస్తే పెనుమూడి దగ్గర కృష్ణ జానెడు తగ్గిందనీ, పడవ ఇసుకలో కూరుకుపోతే జనం దిగి నడిచొచ్చారనీ చెప్పాను. రైతులు నమ్మలేదు గానీ మోటార్లు మాత్రం నాకే తెచ్చారు.

మా అక్కని బాపట్లలో ఇచ్చాం. బావది ఆఫీసు ఉద్యోగం, నెల జీతం. తెనాలిలో కొత్తగా తెరిచిన అద్దాల బట్టల షాపు వాళ్ళు, ఒక బ్యాంకుతో కలిసి తమ పేరు మీద క్రెడిట్ కార్డు ఇస్తున్నారు. దాని మీద కొంటే పాయింట్లు, పాయింట్లకి బహుమతులు. బావ ఆ కార్డుని పల్చటి తెల్లచొక్కా జేబులో, బొమ్మ బయటికి కనపడేట్టు పెట్టుకుని తిరిగేవాడు.

మేనకోడలి ఓణీల ఫంక్షన్ గురించి మాట్లాడుకోడానికి బాపట్ల వెళ్తే, చుట్టాలందరి ముందూ మొదలెట్టాడు.

"ఏంటోయ్ బావమరిదీ, మేనమామవి. పట్టులంగా ఓణీ నువ్వే తేవాలి. నా కార్డేమన్నా కావాలా?"

"అక్కర్లేదు బావా. నా కార్డు మీదే తెస్తా."

"నీకు కార్డా! జీతం లేనోడికి బ్యాంకోళ్ళు కార్డేంటి, కాఫీ కూడా ఇవ్వరు."

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "కార్డు మీద తేలేకపోతే ఆ రోజు నీ గడప తొక్కను. మేనమామ కుర్చీలో నువ్వే కూర్చో," అనేశాను.

అక్క మొహం చిన్నబోయింది. తనకి నేనొక్కణ్ణే తమ్ముణ్ణి. మేనమామ బట్టలు పెట్టని ఓణీల ఫంక్షన్ ఏం ఫంక్షన్? అన్న మాట వెనక్కి తీసుకునే రకాన్ని కాను, అదే నాకున్న రోగం.

తెల్లారి మొదటి బస్సుకే తెనాలి వెళ్ళాను. షాపు గుమ్మం దగ్గర బల్ల వేసుకుని ఒకమ్మాయి కూర్చుంది.

"శాలరీ స్లిప్ ఉందాండి?"

"లేదమ్మా. షాపు లైసెన్సు, పాస్‌బుక్కు ఉన్నాయి."

"పర్లేదండి. కానీ మా మనిషి మీ వీధికొచ్చి అడుగుతారు. మీరు రాసిందీ, మీ చుట్టుపక్కలోళ్ళు చెప్పిందీ ఒకటే కాకపోతే కార్డు రాదండి."

అక్కడ చచ్చింది గొర్రె! నా మాటలు సగం కొట్టేసి వినడం మా వీధికి అలవాటు. అందుకని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అప్లికేషన్ నిండా నిజాలే రాశాను. అద్దె ఇల్లు. సొంత పొలం లేదు. సంపాదన ఓ మోస్తరు.

వారం తిరక్కుండానే, టక్ చేసుకుని బ్యాగు తగిలించుకున్న ఒకాయన మా వీధిలో దిగాడు. నేను షాపు లోపల పెద్ద మోటారు వెనక ఉన్నాను. ఆయన తిన్నగా పక్కింటి మామ్మగారి అరుగు దగ్గరికి వెళ్ళి, నా గురించి అడగడం మొదలెట్టాడు. ఎన్నేళ్ళ నుంచి ఉంటున్నాడు, సొంత ఇల్లేనా, సంపాదన ఎలా ఉంటుంది, మనిషి ఎలాంటివాడు?

మా ఊళ్ళో పెళ్ళికాని మగాడి గురించి ఇలాంటి ప్రశ్నలు వేసేది ఒక్క ఆడపిల్ల తరఫు వాళ్ళే. మామ్మగారి కళ్ళు మెరిశాయి.

"సొంతిల్లా అంటావేంటి బాబూ, ఈ వరసంతా వాడిదే!"

ఎదురుగా టైలరు భాయ్ మిషను ఆపి పరిగెత్తుకొచ్చాడు. "కొల్లూరు లంకల్లో అరటి తోటలున్నయ్ సార్. గెలలు లారీల్లో పోతయ్."

మామ్మగారు మళ్ళీ అందుకుంది. "సిగరెట్ సంగతి సరే, చుట్ట వాసన పడినా వాడికి కళ్ళు తిరుగుతాయి నాయనా."

జీవితంలో ఒక్కసారి నిజం రాస్తే, వీధి వీధంతా నాకంటే పెద్ద కోతలు కోస్తోంది! పరిగెత్తుకెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను.

"నమ్మకండి సార్. అద్దె గది. అరటి తోట కాదు కదా, అరటి పిలక కూడా లేదు."

మామ్మగారు మురిసిపోయింది. "చూశావా బాబూ, ఎంత అణకువో! ఇంతకీ పిల్ల ఏం చదివింది?"

"పిల్లేంటండి? నేను బ్యాంకు నుంచొచ్చా. క్రెడిట్ కార్డు కోసం."

వీధి మొత్తం పగలబడి నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. నన్ను కింద నుంచి పైదాకా చూసి, "లేనివి ఉన్నాయని చెప్పుకునేవాళ్ళనే చూశానండి ఇన్నాళ్ళూ. జనం ఉన్నాయంటుంటే లేవని ఒట్టేసేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా," అని ఏదో రాసుకున్నాడు.

కార్డు కొరియర్‌లో వచ్చింది. కవరు మామ్మగారే చింపింది. "ఇంత చిన్న ముక్కకా నేను అన్ని అబద్ధాలాడింది!" అని విసుక్కుంది.

తెనాలి వెళ్ళి నెమలికంఠం రంగు పట్టులంగా, మామిడిపండు రంగు ఓణీ తీయించాను. మిషన్లో కార్డు గీకితే ఫోను లైను కలవలేదు. రెండోసారీ కలవలేదు. నా వెనక జనం సణుగుతున్నారు. మూడోసారి కిర్రుమంటూ కాగితం బయటికొస్తుంటే, మోటారు మొదటిసారి నీళ్ళు కక్కినప్పటి ఆనందం కలిగింది. ఆ కాగితం మీద పెట్టినంత పెద్ద సంతకం మళ్ళీ ఎక్కడా పెట్టలేదు.

బాపట్లలో పళ్ళెం నిండా బట్టలు, వాటి మీద పూలు, పూల మీద కార్డు పెట్టుకుని గడప తొక్కాను. మేనకోడలు ఆ లంగా ఓణీ కట్టుకొచ్చి నా కాళ్ళకి దండం పెడితే, అక్క కళ్ళు తుడుచుకుంటూ నన్ను మేనమామ కుర్చీలో కూర్చోబెట్టింది. బావ తన జేబులోంచి కార్డు తీసి ప్యాంటు జేబులో దాచుకున్నాడు. భోజనాలయ్యేదాకా నోరెత్తలేదు.

అన్నట్టు, నేను కల్పించింది ఈ చివరి ముక్కే. బావ నోరెత్తకపోవడమేంటి! విస్తర్లు వేసినప్పటి నుంచి తాంబూలాలదాకా, బ్యాంకులో మాట చెప్పి ఆ కార్డు ఇప్పించింది తనేనని పంక్తి పంక్తికీ వెళ్ళి చెప్పాడు. నేను అవునన్నట్టు తలూపుతూనే కూర్చున్నాను. కుర్చీ నాదే కదా.