బెల్లు ఒక్కటే తక్కువ

కళ్లజోళ్ల షాపాయన రోజంతా ఆవగింజంత స్క్రూలు బిగిస్తాడు, ఒక్కటీ చేజారదు. ఆదివారం వరండాలో తన సైకిలును తలకిందులుగా నిలబెట్టాడంటే మాత్రం ఒక్క నట్టూ మాట వినదు.

కిర్రుమంటోందని మొదట చెయిను మార్చాడు. కొత్త చెయిను పాత పళ్లచక్రం మీద నిలవలేదు. పళ్లచక్రం మారిస్తే వెనక చక్రానికి పట్టలేదు, వెనక చక్రం మారిస్తే ఫ్రేములో ఇమడలేదు. చివరికి ఫ్రేమూ, ముందు చక్రమూ, హ్యాండిలూ, పెడళ్లూ, క్యారియరూ, సీటూ అన్నీ మారాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఇప్పుడు బ్రేకు పట్టేసి బండి కదలనే కదలదు. తీసేసిన సామానంతా బావమరిది గోనెసంచిలో వేసుకుపోతుంటే, పోనీలే, ఇంట్లో చెత్త తగ్గుతుందనుకున్నాడు.

"బజారుకెళ్లాలి. ఇవాళైనా లేస్తుందా అది?" అంది భార్య గుమ్మంలోంచి.

"చూస్తున్నావుగా."

"చూస్తూనే ఉన్నానండీ, ఎండాకాలం నుంచీ."

పానా జారి వేలి కణుపు చీరుకుపోయింది. అరికాలి మంట నెత్తికెక్కింది. సరిగ్గా అప్పుడే వీధి మలుపులో కిర్రుకిర్రుమని వినిపించింది. ఆ చప్పుడు నిద్రలో విన్నా గుర్తుపడతాడు.

బావమరిది సైకిలు దిగాడు. సీటు మీది కుట్లు షాపాయన స్వయంగా వేసినవే.

"బాగుంది కదా బావా? బెల్లు ఒక్కటే తక్కువ. నీదెప్పుడు మారుస్తావు?"

సమాధానం రాకముందే భార్య సంచీ పట్టుకుని వెనక క్యారియరు మీద కూర్చుంది.

"బెల్లెందుకురా? ఈ కిర్రు చాలు, అందరూ తప్పుకుంటారు. పద."