ముచ్చట్ల మేడం

బాన్సువాడలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెప్పే మాలోత్ రేఖను స్టాఫ్‌రూంలో అందరూ "ముచ్చట్ల మేడం" అంటారు. ఆ పేరు పెట్టింది ఎకనామిక్స్ చెప్పే ప్రవీణ్‌కుమార్. "మాది సైన్సు మేడం. గ్రాఫులుంటాయి, సూత్రాలుంటాయి. మీదేముంది? నలుగురు కూర్చుని చెప్పుకునే ముచ్చట్లు." ఏ బ్యాంకు మేనేజరో ఉపన్యాసానికి వస్తే రేఖ పీరియడే తీసి ఆయనకిచ్చేవారు. ముచ్చట్లు రేపైనా చెప్పుకోవచ్చు కదా! ఏళ్ల తరబడి ఆమె నవ్వి ఊరుకుంది. నస్రుల్లాబాద్ దగ్గరి తండా నుంచి చదువుకుని వచ్చి గెస్ట్ లెక్చరర్‌గా నిలదొక్కుకున్న మనిషి. నోరు తెరిస్తే ఉన్నది పోతుందేమోనని భయం.

ఈ ఏడు నోరు మూసుకున్నా పోయేటట్టుంది. సోషియాలజీ తీసేసి ఎకనామిక్స్‌కు ఇంకో సెక్షన్ పెడదామని ప్రిన్సిపాల్ స్టాఫ్‌ను పిలిచాడు. సోషియాలజీ ఉండాలా పోవాలా అని ఆయన అడిగింది కూడా ఎకనామిక్స్ సార్‌నే! రేఖ పక్కనే కూర్చుని ఉంది.

"డిమాండ్ లేదు సార్," అన్నాడు ప్రవీణ్‌కుమార్. "మనిషి ఏ పని ఎందుకు చేస్తాడో మా సబ్జెక్టే చెప్తుంది. మిగతావన్నీ దాని వెనక నడిచేవే."

రేఖ లేచి నిలబడింది. "అట్లనా సార్? మరి పోయిన నాట్లప్పుడు కోటగిరిల మీ నాయిన కూలి పెంచిండు. అయినా మా తండా ఆడోళ్లు ఎందుకు రాలే?"

"ఎందుకేంటి మేడం? చేతిలో నాలుగు డబ్బులు ఆడితే పని మీద ధ్యాస ఉండదు. దానికీ మా దగ్గర గ్రాఫ్ ఉంది."

"మీకాడ గ్రాఫ్ ఉంది. నేను మా వదిన పక్కన కూసొని అడిగిన."

"ఇగ ముచ్చట షురూ," అని వెనక నుంచి ఎవరో నవ్వారు.

"షురూనే అన్నా, ఇను," అని రేఖ వదిన మాటలు ఉన్నదున్నట్టు చెప్పింది. "'వంగి నాటేస్తుంటే గా పొలం చూసుకునేటోడు ఎనక నిలబడి ఫోన్ల ఫోటోలు దింపుతుండు. ఆసామికి చెప్తే పైసల కోసం నాటకమంటడు. డబల్ కూలి ఇచ్చినా గా మడిల కాలు పెట్టం.' గిది మీ గ్రాఫ్‌ల ఏ గీత మీద పెడతరు సార్?"

నవ్వు ఆగిపోయింది. ప్రవీణ్‌కుమార్ ముఖం మాడింది. "ఇది నిజమని మా నాన్నగారికి తెలీదు మేడం."

"తెల్వదు. చెప్తే నాటకమన్నడు, ఏమైందని అడగలే గదా. అడిగితే ముచ్చటైతది, మీ ఇజ్జత్ తగ్గుతది."

ఆ తర్వాత ఫోటోలు తీసిన ఆ మనిషిని పొలం పని నుంచి తీసేశారు. ప్రవీణ్‌కుమార్ మాత్రం మారలేదు. మొన్న కూడా అదే పేరు పెట్టి పిలిచాడు. "ముచ్చట్ల మేడమే వస్తుంది సార్, జర జరుగుండ్రి," అంటూ రేఖ ఆయన పక్కనే, ఫ్యాను కింద కుర్చీ వేసుకుంది.

ప్రిన్సిపాల్ ఒక మెట్టు దిగాడు. అడ్మిషన్లు ముగిసేలోగా క్లాసుకు సరిపడా పిల్లలు చేరితే సోషియాలజీ ఉంటుంది. లేదంటే రేఖ ఇంటికి. ఎకనామిక్స్‌కు ఎవరైనా ఇలాంటి షరతు పెట్టారా? ఎకనామిక్స్ చదువును ఎవరూ వద్దనడం లేదు. మనిషిని అడగకుండానే మనిషి గురించి తీర్పు చెప్పే పెత్తనాన్నే ఒప్పుకోం.

ఇంటర్ పాసైన పిల్లలున్నవాళ్లు సోషియాలజీ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగండి. "దాంతోని ఏమొస్తది" అని కొట్టిపారేయకుండా పిల్లలను చేర్పించండి. ఇంట్లో ఆ ఈడు పిల్లలు లేకపోతే మీరే కాలేజీకి వెళ్లి ప్రిన్సిపాల్‌ను నిలదీయండి, ఒక సబ్జెక్టు బతకాలో వద్దో చెప్పే హక్కు ఇంకో సబ్జెక్టుకు ఎవరిచ్చారని. ఒక్కరే వెళ్లొద్దు. నలుగురు కలిసి వెళ్లండి.